అరువు గుర్రాల క్లాసు

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. డిగ్రీ కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌గా కొత్తగా పోస్టింగు వచ్చిందట. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మధ్యయుగం పేపరు పిల్లలకు నచ్చేలా ఎట్లా చెప్పాలని మొహమాటంగా అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమె బస్సు తప్పింది. రెండో బస్సూ తప్పింది. పాపం మర్యాదస్తురాలు, మధ్యలో లేవలేకపోయింది. ఇకముందు అడిగేవాళ్ల బస్సులైనా తప్పకుండా ఉండాలని ఇది రాసి పెడుతున్నాను.

నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి అందరికీ ఒకే రకంగా వస్తాయి, అందరికీ ఒకే రకంగా ఆలస్యమవుతాయి. కర్నూలు, కడప జిల్లాల్లో నా ఉద్యోగమంతా గడిచింది. వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు మిగిలినవి కొన్ని క్లాసులు, ఆ క్లాసుల్లో నవ్విన నవ్వులు. అవే చెబుతాను.

రేషన్ షాపు సుల్తాను

మొదటి ఉద్యోగం ఎర్రగుంట్ల వైపు. క్లాసు కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము, మూస్తే ఉక్క. యూనివర్సిటీ నుంచి అప్పుడే దిగాను గనుక నా దగ్గర నోట్సు దండిగా ఉండేది. ఢిల్లీలో ఎవరి తర్వాత ఎవరు గద్దెనెక్కారు, ఎవరు ఎవర్ని చంపారు, అన్నీ వరసగా చెప్పి రాయించేదాన్ని. పిల్లలు రాసేవాళ్లు. వెనక బెంచీలో కొందరు రాస్తూనే నిద్రపోయేవాళ్లు. అదొక విద్య, అందరికీ పట్టుబడదు.

ఒకరోజు ఇఖ్తా పాఠం చెబుతున్నాను. సుల్తాను ఒక అధికారికి ఒక ప్రాంతం చూపించి, అక్కడి పన్ను నువ్వు వసూలు చేసుకో, దాంతో ఇంత సైన్యాన్ని పోషించు, మిగిలింది నాకు పంపు అంటాడు. ఆ అప్పగించిన ప్రాంతమే ఇఖ్తా. ఇంత చెప్పేసరికి కిటికీ పక్కనున్న పిల్లవాడొకడు కళ్లు నలుపుకుంటూ అడిగాడు.

"రేషన్ షాపు డీలర్‌షిప్పు మాదిరా మేడమ్?"

క్లాసంతా నవ్వింది. నాకు చిర్రెత్తింది. సుల్తానుల పాలనను చౌక దుకాణంతో పోలుస్తాడా అని తిట్టడానికి నోరు తెరిచి, ఒక్క క్షణం ఆలోచించి మూసుకున్నాను. వాడు చెప్పింది ముప్పాతిక వంతు నిజం. దుకాణం డీలరు సొంతం కాదు. పైవాళ్లకు కోపమొస్తే ఊడుతుంది. అయినా నాలుగేళ్లు గడిస్తే డీలరు అది తన తాత ఆస్తి అనుకుంటాడు, కొడుక్కి రావాలంటాడు. సుల్తానుల తలనొప్పి కూడా సరిగ్గా అదే. మరి తేడా ఎక్కడుందో మీరే చెప్పండి అన్నాను. డీలరు సైన్యాన్ని పోషించడు గదా అని ఒకడు, డీలరుకు కమీషనే గాని పన్ను వసూలు చేసే హక్కు లేదు గదా అని ఇంకొకడు, ఇట్లా గంట కొట్టేదాకా వాదించుకున్నారు. ఆ రోజు వెనక బెంచీలో ఎవరూ నిద్రపోలేదు.

అప్పటినుంచి నాదొక పద్ధతి. పిల్లలు తెచ్చిన పోలికను కొట్టిపారేయను, నెత్తిన పెట్టుకోను. అది ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో వాళ్లచేతే చెప్పిస్తాను. కొత్తగా చేరేవాళ్లు ఈ ఒక్కటి అలవాటు చేసుకుంటే సగం నోట్సు అటక మీద పెట్టేయొచ్చు.

పాలెగాడు కావాలి, రాజు వద్దు

తర్వాత కోడుమూరు వైపు వచ్చాను. అక్కడ విజయనగరం పాఠానికి నాటకం వేయించాలని బుద్ధి పుట్టింది. రాయలు తన రాజ్యంలోని భూముల్ని నాయకులకు అప్పగిస్తాడు. వాళ్లు వచ్చిన దాంట్లో కొంత రాయలకు కట్టాలి, కొంతతో సైన్యాన్ని పోషించాలి, మహర్నవమికి దర్బారుకొచ్చి కానుకలు చెల్లించాలి. దసరా సెలవుల ముందు రోజు మా క్లాసులో దర్బారు. కానుక ఏమిటంటే ఉడకబెట్టిన బుడ్డలు. మా వైపు వేరుశెనక్కాయల్ని బుడ్డలంటాం, అప్పుడే చేలల్లోంచి పీకే రోజులు.

వేషాలు పంచే దగ్గరే పేచీ వచ్చింది. అందరికీ పాలెగాడి వేషం కావాలి. పాలెగాళ్లు ఆ తర్వాత కాలంలో గదా బలపడిందని నేను చెప్పినా వినేవాళ్లు లేరు. రాయల వేషానికి ఒక్కడు ముందుకు రాలేదు. రాజుదేముంది, ఊరికే కుర్చీలో కూర్చునేదే అన్నారు. రాయలసీమలో పుట్టినవాళ్లకు ఈ విషయం విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను. చివరికి, ముందు రోజు క్లాసుకు రాని పిల్లవాణ్ణి రాజును చేశారు. రాజ్యాలు ఇట్లా కూడా సంక్రమిస్తాయి.

దర్బారు రోజు దుప్పటి కప్పుకుని రాయలు కుర్చీ ఎక్కాడు. మొదటి నాయకుడు వచ్చి ఈ ఏడు మా సీమలో వాన లేదన్నాడు. రెండోవాడు వస్తుంటే దారిలో మూడోవాడు దోచుకున్నాడన్నాడు. మూడోవాడి సంచిలో పొట్టు మాత్రమే ఉంది. బుడ్డలన్నీ బస్సులోనే నాయకులు ముగ్గురూ కలిసి తినేశారు. మా రాయలకు కోపమొచ్చింది. వీళ్లను పట్టి కట్టేయాలని అటూ ఇటూ చూసి, నా వైపు తిరిగాడు.

"మేడమ్, నా సైన్యం యాడుంది?"

"సైన్యమంతా వాళ్ల దగ్గరే ఉండాది నాయనా," అన్నాను.

వాడి ముఖం చూడాలి. క్లాసు పడీ పడీ నవ్వింది. రాజు గట్టిగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు ఎందుకు నడిచింది, రాజు మెత్తబడగానే ఎందుకు ముక్కలైందో నేను ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఏడు పరీక్షలో ఆ ప్రశ్నకు రాసినన్ని మంచి జవాబులు నేను మళ్లీ చూడలేదు.

మా ప్రిన్సిపాల్ గారు

చివరి కాలేజీ కర్నూలు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో. ఊరి పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. అక్కడి ప్రిన్సిపాల్ శివారెడ్డి గారు. పెద్ద సేద్యగాళ్ల కుటుంబం. అన్నదమ్ములు కాంట్రాక్టుల్లోకి, రాజకీయాల్లోకి పోతే ఈయన ఒక్కడే లెక్కల్లోకి వచ్చాడు. ఆయన తన గదిలో మాట్లాడితే బస్టాండులో వినపడేది. పిల్లలంటే ప్రాణం. కాలేజీలో ప్రతి వేపచెట్టుకూ వేసవిలో తనే నిలబడి నీళ్లు పోయించేవాడు.

చరిత్ర అంటే మాత్రం ఆయన దృష్టిలో పొద్దుపోని కథలు. రోజూ పొద్దున ఎదురుపడితే, ఏమ్మా సుగుణా, నీ రాజులు ఇంకా చావలేదా అనేవాడు. మీ ఎక్స్ విలువ తేలిందా సార్ అని నేను అడిగేదాన్ని. ఇద్దరికీ ఆ మాట అనుకోకపోతే టీ సహించేది కాదు. బాసులు చాలామందిని చూశాను. కోపమొస్తే అరిచి, సాయంత్రానికి మరిచిపోయేవాడి కింద పనిచేయడం అదృష్టం. ఆయన అట్లాంటివాడు.

నేను రిటైరయ్యే ముందు, పిల్లలు చాలని గ్రూపులు మూసేస్తామని పైనుంచి మాట వచ్చింది. ఊళ్లో పిల్లలంతా కంప్యూటర్ ఉన్న కామర్స్‌కు పోతున్నారు. మా హిస్టరీలో ఉన్నది కావలసిన వాళ్లలో సగం. ఒక అధికారి వచ్చి చూసిపోతాడు, ఆ తర్వాత నిర్ణయం.

గ్రూపు మూస్తే కొందరు కర్నూలుకు పోయి చదువుకుంటారు. మార్తమ్మ పోలేదు. ఆ పిల్ల పక్క పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. తండ్రికి ఎకరమో అరో మెట్ట, మిగతా రోజులు కూలి. వాళ్ల పల్లె చర్చిలో ఆదివారం చిన్నపిల్లలకు పాఠాలు ఈమే చెప్పేది. హిస్టరీ టీచరు కావాలని మొదటి రోజే లేచి నిలబడి చెప్పింది. పొద్దు గూకేలోపు ఇల్లు చేరుతుందన్న ఒక్క ధైర్యంతోనే తండ్రి కాలేజీకి పంపాడు. గ్రూపు మాట తెలిసిన రోజు స్టాఫ్ రూముకొచ్చింది.

"మేడమ్, ఈడ తీసేస్తే మా నాయన కర్నూలుకు పంపడు. కామర్స్‌లో చేరి హిస్టరీ టీచర్ ఎట్లయితా? నా చదువు ఇంతటితో సరి."

ఏడవలేదు. ఊరికే చెప్పింది. 

టైర్లు, గుర్రాలు

అధికారి రావడానికి రెండు రోజుల ముందు నేను చెప్పిన పాఠం మన్సబుదారులది. మొగలుల దగ్గర ప్రతి అధికారికీ ఒక మన్సబు, అంటే హోదా ఉంటుంది. దాన్నిబట్టి ఇంతమంది రౌతుల్ని, ఇన్ని గుర్రాల్ని పోషించాలి. వాటి ఖర్చు వచ్చే ఏర్పాటు పాదుషా చేస్తాడు. కొందరు పెద్దమనుషులు ఖర్చు తీసుకుని గుర్రాల్ని కొనేవాళ్లు కాదు. తనిఖీ రోజు పక్కవాడి గుర్రాల్ని అరువు తెచ్చి నిలబెట్టేవాళ్లు. అందుకే అక్బరు కాలంలో గుర్రం ఒంటి మీద ముద్ర వేయించారు. ఆ ముద్ర వేయడాన్ని దాగ్ అంటారు. ముద్ర పడిన గుర్రం ఇంకొకడి లెక్కలోకి పోలేదు.

మార్తమ్మ చెయ్యెత్తింది. వాళ్లన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. లారీకి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చేయించే రోజున కొందరు ఓనర్లు పక్క లారీ మంచి టైర్లు తెచ్చి బిగిస్తారట. సర్టిఫికెట్ రాగానే విప్పి ఇచ్చేస్తారట. అరిగిన టైర్లతోనే మళ్లీ రోడ్డెక్కుతారట. ఘాట్‌లో దిగేటప్పుడు ఆ సర్టిఫికెట్ బ్రేకు వేయదు గదా మేడమ్ అని వాళ్లన్న తిట్టుకుంటాడని చెప్పింది. యుద్ధం రోజున అరువు గుర్రాలు కూడా అంతేనని నేను అన్నాను. మంచి పాఠం చెప్పానని మురిసిపోతూ ఇంటికి పోయాను.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. కామర్స్ క్లాసుకు పోయి సగం మందికి చెప్పొచ్చారట, రేపు ఒక్క గంట హిస్టరీలో కూర్చోమని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సార్, నేను నిన్ననే మీ పాఠం చెప్పాను అన్నాను. నా పాఠమేంది అన్నారు. అరువు గుర్రాల సంగతి చెప్పి, ఇది వద్దు సార్ అన్నాను.

"పిల్లోల్ల కోసరమే గదమ్మా. గ్రూపు పోతే ఆ మార్తమ్మ ఏమైపోవల్ల?" అన్నారాయన.

 ఆయన చేసేది తప్పు, ఆయన మనసు మంచిది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని చరిత్ర చదివినవాళ్లకు తెలియాలి, కాని ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంటే ఏమనాలో తోచదు.

గోరింటాకు చేతులు

అధికారి వచ్చిన రోజు నా క్లాసు కిటకిటలాడింది. మా పిల్లలు మధ్యమధ్యలో ఉన్నారు, చుట్టూ కామర్స్ వాళ్లు. మా వాళ్లందరి కుడి అరచేతుల్లో ఎర్రగా గుండ్రటి గుర్తు ఉంది. మగపిల్లలకు కూడా. ఎవరింట్లోనో పెళ్లి అయ్యుంటుందనుకున్నాను. తర్వాత తెలిసింది, మా క్లాసు ఖాజా వాళ్లక్క పెళ్లిళ్లకు మెహందీ పెడుతుంది. ముందు రోజు కాలేజీ వదిలాక అందరూ బస్టాండు వెనక వాళ్లింటికి పోయి వరసగా చేతులు చాపారట. అరువుకొచ్చేవాళ్ల మధ్య మనవాళ్లెవరో మనకు తెలియాలని, అంతే, వాళ్లకదొక తమాషా.

అధికారి కెమిస్ట్రీ మనిషి, కోస్తా వైపు ఆయన. ముందు బెంచీలోని లోకేశ్‌ను లేపి ఏ పాఠం నడుస్తోందని అడిగాడు. లోకేశ్ కామర్స్ పిల్లవాడు, మహా గడుగ్గాయి. అక్బరు పాఠం సార్ అన్నాడు ధైర్యంగా. ఏం చేశాడు అక్బరు అంటే, శానా మంచోడు సార్ అన్నాడు. ఇంకేం చేశాడు అంటే, శానా కాలం మంచోడుగానే ఉన్న్యాడు సార్ అన్నాడు. వెనక నవ్వులు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ గారు పైకప్పు చూస్తున్నారు.

అప్పుడు అధికారి కళ్లు అరచేతుల మీద పడ్డాయి. మార్తమ్మ దగ్గర ఆగి, ఇదేంటమ్మా, పండగా అని అడిగాడు. అవును సార్ అంటే అయిపోయేది. గ్రూపు నిలిచేది, ఆమె చదువూ నిలిచేది. అవునని చెప్పవే తల్లీ అని నా మనసు ఒకవైపు అరుస్తోంది, చెప్పకు అని రెండోవైపు. మార్తమ్మ నా వైపు చూడలేదు. లేచి నిలబడింది.

"ఇది దాగ్ సార్. గుర్రాలకు ఏసే ముద్ర. ఈ క్లాసు గుర్రాలం మేమే. ముద్ర లేనోళ్లు ఈ పొద్దుకు అరువుకొచ్చినోళ్లు."

 ఇట్లా చెబితే గ్రూపు పోతుందని తెలుసా అమ్మా అని ఆయన మెల్లగా అడిగాడు.

"తెలుసు సార్. మొన్ననే ఈ పాఠం చదువుకున్న్యాము. ఈ పొద్దు అబద్ధం చెప్పేకి నోరు రాలేదు."

అధికారి ముద్రలున్న చేతులు ఎత్తమన్నాడు, లెక్కపెట్టుకున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను. ఆయన వెనక బెంచీకి పోయి కూర్చుని, పాఠం చెప్పండి మేడమ్ అన్నాడు.

 ఏదో ఒకటి అడగాలని అడిగాను: తనిఖీ చేసేవాడు మీరే అయితే, గుర్రాలు తక్కువున్నాయని నిజం చెప్పిన మన్సబుదారును ఏం చేస్తారు? మన్సబు తీసేయాలని ఒకరు, ఉన్న గుర్రాలకే ఖర్చివ్వాలని ఒకరు. ఖాజా లేచి, నిజం చెప్పినోన్ని తీసేస్తే రేపటినుంచి అందరూ అరువే తెస్తారన్నాడు. అంతలో పిలవకుండానే లోకేశ్ లేచాడు. గుర్రాలు తక్కువైనా బాగుంటే, ఇంకొన్ని తెచ్చుకునేకి గడువియ్యల్ల గదా మేడమ్ అన్నాడు. ఇంకో కామర్స్ పిల్ల వాడితో జగడానికి దిగింది, ఎన్ని గడువులిస్తే సైన్యం తయారైతాది అని. మొగలులు కూడా ఆ తర్వాత పెట్టాల్సిన గుర్రాల లెక్క తగ్గించుకున్నారని నేను చెప్పేసరికి, అది తప్పని సగం మంది, ఒప్పని సగం మంది నా మీదే పడ్డారు. గంట కొట్టింది. ఎవరూ లేవలేదు. ఎవరికి ముద్ర ఉందో ఎవరికి లేదో నేనూ మరిచిపోయాను. నా జీవితంలో అంత సంతోషంగా చెప్పిన పాఠం ఇంకోటి లేదు.

పోయేముందు అధికారి ప్రిన్సిపాల్ గారి గదిలో ఒకటే మాట చెప్పాడు. ఉన్న లెక్కే రాస్తాను, గ్రూపు మార్చుకునే గడువు ఈ వారాంతం దాకా ఉంది, అప్పటికి చాలకపోతే నా చేతిలో ఏమీ లేదు అన్నాడు. అరుస్తారనుకున్న శివారెడ్డి గారు అరవలేదు. అధికారిని సాగనంపి వచ్చి వేపచెట్టు కింద ఆగి, అమ్మా, నా క్లాసులో పిల్లోల్లు ఇట్ల ఎప్పుడూ కొట్లాడలేదే అన్నారు. ఆ గొంతులో కొంచెం అసూయ ఉంది, నాకు ఆనందమేసింది.

వారాంతం

మర్నాడు లోకేశ్ గ్రూపు మారతానని వచ్చాడు. వాడి వెనక ఆ జగడం పెట్టుకున్న పిల్ల, ఇంకొందరు. ఇళ్లల్లో ఒప్పుకోవడం అంత తేలిక కాలేదు. లోకేశ్ తండ్రికి నందికొట్కూరులో ఎరువుల అంగడి ఉంది. కొడుకు లెక్కలు చూసుకుంటాడని ఆశ. రాజుల కథలు అంగట్లో ఎవరు కొంటారని అడిగాడట. ఆ ఇంటికి పోయింది ఎవరనుకున్నారు, శివారెడ్డి గారు. గ్రూప్ టూ పరీక్షలో హిస్టరీ ఎంత ఉంటుందో ఆయన ఆ అరుగు మీద కూర్చుని చెప్పింది సగం వీధికి వినపడిందని లోకేశ్ తర్వాత చెప్పాడు. ఇట్లా ఇంకో రెండిళ్లకూ పోయారు. ఒక ఇంట్లో ఒప్పుకోలేదు కూడా.

గడువు చివరి రోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. లెక్క సరిపోయింది, గ్రూపు ఉంటుంది. ప్రిన్సిపాల్ గారు నన్ను చూసి, పోయి ఆ పిల్లకు నువ్వే చెప్పు పో అన్నారు. నా వయసుకు పరిగెత్తకూడదు. పరిగెత్తినంత పని చేశాను.

మా క్లాసు తలుపు తెరిచే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ముందు బెంచీల్లో కూర్చున్నారు. బోర్డు దగ్గర మార్తమ్మ నిలబడి ఉంది. వాళ్లకు తప్పిపోయిన మొదటి పాఠం చెబుతోంది, చోళుల కాలంలో ఊరి సభకు మనుషుల్ని ఎట్లా ఎన్నుకున్నారో. ఓలల మీద, అంటే తాటాకు ముక్కల మీద పేర్లు రాసి కుండలో వేసి తీసేవాళ్లు గదా, కుండకు బదులు తన స్టీలు టిఫిన్ డబ్బాలో చీటీలు వేసి గలగలా ఊపుతోంది. లోకేశ్ చీటీ తీయడానికి చెయ్యి చాపి ఉన్నాడు. నేను గుమ్మంలో నిలబడి, మార్తమ్మా, ఒక మాట అన్నాను.

ఆ పిల్ల నా వైపు తిరగనైనా తిరగలేదు.

"ఒక్క నిమిషం మేడమ్. ఊరి చెరువు ఎవరు చూసుకోవల్లనో తేలుతాండాది."

నేను బయటే నిలబడ్డాను, ఆమె పాఠం అయిపోయేదాకా.